ఒత్తిడి పుండు, ఒత్తిడి గాయము

2016 ఏప్రిల్ నెలలో, అమెరికాలోని షికాగో నగర సమీపమున రోజ్‌మాంట్ అను పట్టణమున, నాలుగువందలకు పైబడిన వైద్యులును, నర్సులును, పరిశోధకులును రెండు దినములు కూడి, మంచము పట్టిన రోగుల శరీరమున ఏర్పడు పుండ్లను ఏయే దశలుగా విభజింపవలెను, ఏ దశను ఏ మాటలతో వర్ణింపవలెను అను విషయమును చర్చించిరి. ఆ సమావేశమును ఏర్పాటు చేసిన నేషనల్ ప్రెషర్ అల్సర్ అడ్వైజరీ ప్యానెల్ అను సంస్థ, సుమారు ముప్పది యేండ్లుగా తాను వాడుచు వచ్చిన 'ప్రెషర్ అల్సర్' అను పేరును విడిచి, ఇకమీదట 'ప్రెషర్ ఇంజురీ' అనవలెనని ఆ నెలలోనే ప్రకటించెను. 2019లో తన పేరులోని 'అల్సర్'ను సైతము తొలగించి ఆ స్థానమున 'ఇంజురీ'ని నిలుపుకొనెను. పుండును గాయమనుటచేత రోగికి ఒనగూరునదేమి, మాటలకొరకు ఇంత కాలము వెచ్చింపనేల యని ఎవరికైనను తోచవచ్చును. కాని ఈ చిన్న మార్పుపై వైద్యలోకమున ఏర్పడిన అభిప్రాయభేదము నేటికిని సమసిపోలేదు. దాని మూలమును వెదకుచు పోయినచో, మంచముమీది మనిషికి జరిగిన హానికి బాధ్యులెవరను పాత ప్రశ్న యెదురగును.

మొదట శరీరమున జరుగునదేమో తెలిసికొందము. వెల్లకిల పరుండిన మనుష్యుని బరువు పరుపుమీద అంతటను సమముగా పడదు. నడుము దిగువనున్న త్రికాస్థి, మడమలు, తల వెనుకభాగము, ప్రక్కకు ఒత్తిగిలినప్పుడు తుంటి యెముక, కూర్చున్నప్పుడు పిరుదుల యెముకలు, ఈ కొలది తావులలో ఎముకకును పరుపునకును నడుమ చిక్కిన మెత్తని మాంసము నలుగుచుండును. ఆరోగ్యవంతుడు నిద్రలో సైతము తనకు తెలియకయే ప్రక్కకు దొర్లుచు ఆ నలుగుడును తప్పించుకొనును. వెన్నుపాము దెబ్బతిన్నవాడు, పక్షవాతమున పడినవాడు, తుంటి విరిగిన వృద్ధురాలు, మత్తుమందుల ప్రభావమున ఐ.సి.యు.లో నున్న రోగి అట్లు దొర్లలేరు; వీరిలో కొందరికి నొప్పి యను హెచ్చరికయే అందదు. 1930లో యూజిన్ లాండిస్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు వ్రేలిగోటి మొదటనున్న సూక్ష్మరక్తనాళములలోని పీడనమును కొలిచి, ధమని వైపున అది సగటున 32 మిల్లీమీటర్ల పాదరసమని కనుగొనెను. అంతకు మించిన ఒత్తిడి పైనుండి పడినచో రక్తప్రసారము ఆగిపోవునని దానినిబట్టి పెక్కు దశాబ్దములు భావించిరి. 1959లో మైకేల్ కోసియాక్ జంతువులపై జరిపిన పరిశోధనలను ప్రకటించి, తీవ్రమైన ఒత్తిడి స్వల్పకాలమున చేయు హానిని స్వల్పమైన ఒత్తిడి దీర్ఘకాలమున చేయునని చూపెను. ఇటీవలి పరిశోధకులు దీనికి మరియొక సత్యమును చేర్చిరి: ఎముక అంచున వంగి, సాగి, రూపుచెడిన జీవకణములు రక్తము చాలకపోవుటవలననే కాక, ఆ రూపభంగము వలననే చావవచ్చును; అందుకు గంటలు పట్టనక్కరలేదు.

కావున లోతైన హాని తరచుగా ఎముకను ఆనుకొనియున్న కండరమున ఆరంభమగును. బుట్ట అడుగున నలిగిన మామిడిపండు పైతోలు చెక్కుచెదరక నిగనిగలాడుచుండగా లోపలి గుజ్జు నల్లబారియున్నట్లు, రోగి చర్మము ఒకటి రెండు దినములు అక్షతముగానే యుండి, ఆపైన ఊదారంగు మచ్చ తేలి, అటుపిమ్మట చర్మము విచ్చి, లోతైన గొయ్యి బయటపడును. నిన్న లేని పుండు నేడెక్కడనుండి వచ్చినదని ఇంటివారు నర్సును నిలదీయుదురు. పుండు నేటిదే, నలుగుడు మాత్రము మొన్నటిది. పేరును గూర్చిన వాదమంతయు ఈ రెండు దినముల యెడమునుండియే పుట్టినది.

పాత పేరులను చూచినచో ఈ హానికి ఏ కాలమువారు దేనిని కారణముగా తలచిరో కొంత తెలియును. పరుండుట యను అర్థముగల లాటిను మాటనుండి వచ్చిన 'డెక్యుబిటస్' చిరకాలము వైద్యగ్రంథములలో నిలిచినది; జనుల వాడుకలోని 'బెడ్‌సోర్' నిందను మంచమునకు అంటగట్టినది. 19వ శతాబ్ది నడుమ బ్రౌన్-సెకార్డ్ అను శాస్త్రజ్ఞుడు, వెన్నుపామును ఖండించిన జంతువులను సైతము ఒత్తిడియు తడియు తగులకుండ కాపాడినచో పుండ్లు పడవని ప్రయోగపూర్వకముగా చూపెను. 1859లో ఫ్లారెన్స్ నైటింగేల్ తన 'నోట్స్ ఆన్ నర్సింగ్' అను గ్రంథమున, రోగికి ఇట్టి పుండు పడినచో ఆ దోషము సాధారణముగా వ్యాధికిగాక పరిచర్యకే చెందునని నిర్ణయించెను. అయినను, ఆ తరువాత పారిస్ నగరమున సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో మహాప్రసిద్ధుడైన షార్కో, నరముల వ్యాధియే చర్మమును చంపుచున్నదని బోధించి, పిరుదులపై వేగముగా వ్యాపించు పుండును మృత్యుసూచకముగా వర్ణించెను. అంతటివాడు అట్లు చెప్పిన పిమ్మట, ఇక పరిచర్యవలన ప్రయోజనమేమి యను నిరాశ ఆసుపత్రులలో వ్యాపించుట వింతకాదు. షార్కో దృష్టిలో అది విధి. నైటింగేల్ దృష్టిలో అపరాధము. నేటి వైద్యులు కొత్త మాటలతో చేయుచున్న వాదమునకు అడుగున ఉన్నవి ఈ రెండు దృష్టులే యని నా నమ్మకము.

అది విధి కాదని లోకమునకు నిరూపించినవారిలో అగ్రగణ్యుడు లుడ్విగ్ గుట్మన్. నాజీల పీడకు జర్మనీ విడిచి ఇంగ్లండు చేరిన ఆ వైద్యుడు, 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికులకొరకు ఒక విభాగమును తెరచి, రాత్రింబవళ్లు రెండేసి గంటలకొకమారు ప్రతి రోగిని ప్రక్కకు త్రిప్పించెను. అంతకు ముందటి యుద్ధకాలమున ఇట్టివారిలో అత్యధికులు పుండ్లచేతను మూత్రకోశ వ్యాధులచేతను కొలదికాలముననే మరణించుచుండిరి. 1962లో డోరీన్ నార్టన్ అను నర్సు తన సహచరులతో కూడి వృద్ధరోగులను పరిశీలించి, పుండుపడు అపాయము ఎవరికెంత యున్నదో ముందే అంచనా కట్టు కొలమానమును ప్రకటించెను. 1987లో బార్బరా బ్రేడెన్, నాన్సీ బర్గ్‌స్ట్రామ్ ప్రకటించిన ఆరు అంశముల కొలమానము నేడు మన పెద్ద ఆసుపత్రుల కేసుషీట్లలోను కనబడును.

పుండును లోతునుబట్టి విభజించు పద్ధతిని 1975లో డారెల్ షీ అను ఎముకల శస్త్రవైద్యుడు ప్రతిపాదింపగా, 1989లో అమెరికను ప్యానెల్ దానిని నాలుగు దశలుగా స్థిరపరచెను. చిక్కు మొదటి దశయందే యున్నది. ఉదయమున ప్రక్కబట్టలు మార్చునపుడు నర్సు రోగిని ఒక ప్రక్కకు త్రిప్పి, నడుము దిగువ ఎఱ్ఱబారిన చోటును చూచి, వ్రేలితో కొన్ని క్షణములు అదిమి విడిచిపెట్టును. అదిమిన తావు తెల్లబారి, రక్తము తిరిగి చేరగానే మరల ఎఱ్ఱనైనచో ఊరట. అదిమినను తెల్లబారక ఆ యెఱుపు అట్లే నిలిచినచో అది మొదటి దశ. చర్మము చీలలేదు, రసి లేదు, నెత్తురు లేదు, కట్టు కట్టవలసినదేమియు లేదు. అయినను కేసుషీటులో ఆమె 'అల్సర్' అనియే వ్రాయవలసి యుండెను. రెండవ దశలో పైచర్మము లేచిపోయి లోచర్మము బయటపడును. మూడవ దశలో క్రొవ్వు, నాలుగవ దశలో కండరముగాని ఎముకగాని కనబడును. ఇవి పుండ్లని ఎవరును కాదనరు. 2007లో ప్యానెల్, చర్మము విచ్చకయే ఊదారంగు తేలు లోతైన హానిని కొత్త వర్గముగా చేర్చి దానికి 'డీప్ టిష్యూ ఇంజురీ' యని పేరిడినప్పుడు వైరుధ్యము మరింత ప్రస్ఫుటమైనది: పుండ్లను గూర్చిన పట్టికలో పుండు కానివి రెండు చేరినవి, అందొకదాని పేరులో 'ఇంజురీ' యను మాటయే యున్నది.

2016 నాటి సవరణ ఈ వైరుధ్యమును తొలగించుటకే తలపెట్టబడినది. దశలకు రోమను అంకెలు పోయి సాధారణపు అంకెలు వచ్చినవి. లోతైన గాయమునకు ముందున్న 'అనుమానిత' అను విశేషణము పోయినది. ఆక్సిజన్ మాస్కు, శ్వాసనాళిక మొదలగు వైద్యపరికరముల ఒత్తిడివలన కలుగు గాయములకు ప్రత్యేక నిర్వచనము చేర్చబడినది. అమెరికా ఈ విషయమున మొదటిది కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, హాంకాంగ్, సింగపూరు ప్రాంతముల నిపుణులు కలిసి 2012లో ప్రకటించిన మార్గదర్శకమున అప్పటికే 'ప్రెషర్ ఇంజురీ' యను పేరు స్థిరపడి యుండెను.

ఈ పేరును సమర్థించు వైద్యుల వాదము సరళమైనది. గాయము లేక పుండు లేదు గాని, పుండు పడని గాయము కలదు. కావున రెండింటిని ఇముడ్చుకొనగల మాట గాయమే. పుండు కొరకు వెదకు కన్ను తెగిన చర్మమునకై వెదకును. గాయము కొరకు వెదకు కన్ను కందిన చోటువద్దనే ఆగును. అచ్చట ఆగినచో రోగిని ప్రక్కకు త్రిప్పి, మడమ క్రింద దిండు అమర్చి, కొలది దినములలో హానిని మరల్చవచ్చును. నాలుగవ దశకు చేరినపిమ్మట నెలల తరబడి కట్లును, తరచుగా శస్త్రచికిత్సయు తప్పవు. రోగులకు వివరించుటలోను కొత్త మాట మేలని వీరందురు. మన ప్రాంతమున ఈ వాదమునకు బలము మరింత కలదు: 'అల్సర్' అనగానే తెలుగువారికి స్ఫురించునది కడుపులోని పుండు, తండ్రికి నడుముపై అల్సర్ ఆరంభమైనదని విన్న కుమారునకు ఆ మాట దారి చూపదు. కోవిడ్ కాలమున ఐ.సి.యు.లలో బోర్లపరుండబెట్టిన రోగుల బుగ్గలపైనను గడ్డముపైనను, గంటలకొలది బిగుతు మాస్కులు ధరించిన నర్సుల ముక్కుదూలములపైనను ఒత్తిడి గాయములు ఏర్పడినప్పుడు, మంచమునకు ముడిపడిన పాత పేరులు ఎంత ఇరుకైనవో అందరికిని కనబడినది.

వ్యతిరేకించువారి మాటను నేను తేలికగా త్రోసిపుచ్చలేను, ఏలనన వారిలో పెక్కుమంది రాత్రి డ్యూటీలలో రోగులను తమ చేతులతో త్రిప్పువారు. గాయమన్నపుడు గాయపరచినవారెవరను ప్రశ్న వెంటనే పుట్టునని వారి భయము. వ్యాధికి కర్త లేడు. గాయమునకు కర్తను వెదకుట లోకస్వభావము. అమెరికాలో ఈ భయమునకు గట్టి కారణము కలదు: 2008 అక్టోబరు 1 నుండి అచ్చటి ప్రభుత్వ వైద్యబీమా యైన మెడికేర్, ఆసుపత్రిలో చేరిన తరువాత ఏర్పడిన మూడవ, నాలుగవ దశల పుండ్లకై ఆసుపత్రికి అదనపు సొమ్ము చెల్లించుట మానివేసినది, ఈ పుండ్లను గూర్చిన వ్యాజ్యములును అచ్చట విస్తారము. నర్సు స్వహస్తముతో 'ఇంజురీ' యని వ్రాసిన కాగితము న్యాయవాది చేతికి చిక్కినపుడు ఏమగునో ఊహింప కష్టము కాదు. 'ఇంజురీ' యను మాట వైద్యసిబ్బంది ఆ హానిని కలిగించిరని సూచింపదని ప్యానెల్ స్పష్టీకరించినది; కాని ఒక మాటను సృష్టించినవారు దాని భావమును నిర్దేశింపగలరే తప్ప, వినువారి మనస్సున అది రేపు తలంపును నిర్దేశింపజాలరు. మన ఆసుపత్రులలోనే చూడుడు: కొట్లాటలు, ప్రమాదములు జరిగినపుడు పోలీసుల కోరికపై వైద్యులు 'వూండ్ సర్టిఫికెట్' ఇచ్చు ఆచారము కలదు గదా, ఆ వాడుకకు అలవాటుపడిన చెవికి గాయమను మాటలో ముద్దాయి నీడ తగులక మానదు.

ఐరోపా సలహాసంఘము 'అల్సర్'ను విడువలేదు. ఇంగ్లండున 2018లో ఎన్.హెచ్.ఎస్. ఇంప్రూవ్‌మెంట్ అను సంస్థ 'ప్రెషర్ అల్సర్' అను పేరునే దేశమంతట ఏకరీతిగా వాడవలెనని సూచించుచు, దానితోపాటు నివారింపదగినది, నివారింపరానిది అను విభజనను మానుకొనవలెనని చెప్పినది. ఈ రెండవ సూచన నాకు మిక్కిలి విలువైనదిగా తోచుచున్నది: ఏ పుండు ఎవరి తప్పిదమో తేల్చుటకు వెచ్చించు శ్రమను, ప్రతి పుండునుండియు నేర్చుకొనుటకు వెచ్చింపుమని దాని భావము. 2019లో అమెరికా, ఐరోపా, పసిఫిక్ ప్రాంతముల సంఘములు కలిసి వెలువరించిన అంతర్జాతీయ మార్గదర్శకము తన శీర్షికలో రెండు పేరులను గీతతో జోడించి పక్కపక్కన నిలిపినది. అమెరికాలోనే మంచమువద్ద 'ఇంజురీ' యని వ్రాసినది, రోగముల సంకేతావళిలో ఎల్‌89 అను సంఖ్య క్రింద 'అల్సర్'గా నమోదగును. పాత పరిశోధనలను వెదకువారు రెండు పేరులతోను వెదకవలసి యుండుట మరియొక చిక్కు.

అన్నిటికంటె సున్నితమైన అభ్యంతరము మరణాసన్నులకు సేవచేయు వైద్యులది. గుండె, మూత్రపిండములు, ఊపిరితిత్తులు ఒక్కొక్కటిగా క్షీణించుచున్న శరీరమున చర్మముమాత్రము క్షీణింపదా? చర్మమును ఒక అవయవమే గదా. 1989లో కారెన్ లూ కెనడీ అను నర్సు, తుదిదినములలోనున్న రోగుల త్రికాస్థిపై గంటల వ్యవధిలో తేలి విజృంభించు పుండును వర్ణించెను; ఎంత శ్రద్ధతో చూచినను అది ఆగకపోవచ్చును. అట్టిదానిని గాయమని వ్రాసినచో, ఇరువది నాలుగు గంటలు తల్లి ప్రక్కనే కూర్చున్న కుమార్తె హృదయమున, నేనేదో చేసితిని, ఏదో చేయకపోతిని అను శల్యము జీవితాంతము నిలిచిపోవును. 2010లో ఇదే అమెరికను ప్యానెల్ జరిపిన సమావేశమున, ఒత్తిడి పుండ్లలో పెక్కింటిని నివారింపవచ్చుననియు, అన్నింటిని నివారింపలేమనియు నిపుణులు ఏకాభిప్రాయమునకు వచ్చిరి. చలనచిత్రములలో సూపర్‌మాన్‌గా ప్రపంచమెరిగిన క్రిస్టఫర్ రీవ్, 1995లో గుఱ్ఱముపైనుండి పడి మెడ దిగువ శరీరమంతయు చచ్చుబడిన పిదప, లభింపగల ఉత్తమ పరిచర్య నడుమ జీవించినవాడే. 2004 అక్టోబరులో మరణించుటకు ముందు ఒత్తిడి పుండునకు సోకిన ఇన్ఫెక్షనునకే ఆయన చికిత్స పొందుచుండెను.

ఈ వాదములన్నింటిని విని, నా తీర్పు గాయము వైపే మొగ్గుచున్నది. కాని ఒక షరతుతో. చర్మము తెగకముందే హానిని హానిగా గుర్తింపజేయు మాటను, కేవలము నింద పడునేమో యను భయముచే విడిచిపెట్టుట రోగికి న్యాయము కాదు. అయితే నింద నిజముగానే పడుచున్నది. పడుచున్నది మంచముపై వంగియున్న వ్యక్తి మీదనే. ముప్పది మంది రోగులున్న వార్డున రాత్రి ఇద్దరు నర్సులే యున్నప్పుడు, రెండు గంటలకొకమారు అందరిని త్రిప్పుట యెట్లు? బరువైన రోగిని దుప్పటి అంచులు పట్టి ఎత్తి త్రిప్పుటకు ఇద్దరు కావలెను. త్రిప్పిన పిదప వీపునకు దిండు ఆనించి, మోకాళ్ల నడుమ మరియొకటి యుంచి, మడమలు గాలిలో తేలునట్లు సవరించి, కాథెటర్ గొట్టము తొడక్రింద నలుగకుండ చూచుటకు పట్టు నిమిషములను ముప్పది చేత గుణించి చూచినచో, ఆ ఇద్దరికి వేరు పని చేయుటకు రాత్రి మిగులదు. పేరు మార్చిన ఆసుపత్రి చేతులను కూడ పెంచవలెను. పెంచని యెడల కొత్త పేరు ఉన్న చేతులపైనే అభియోగమగును.

మన దేశమున ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించు ఎన్.ఎ.బి.హెచ్. సంస్థ, ఆసుపత్రిలో చేరిన పిదప ఏర్పడిన బెడ్‌సోర్లను వెయ్యి రోగి-దినములకు ఇన్నియని లెక్కింపవలెనని కోరుచున్నది. ఈ లెక్క మంచిదే. ఆ లెక్క హెచ్చినచో సిబ్బందిని శిక్షించు చోట మొదటి దశ కేసుషీటులోనికి రాదు. అది ఎవరి కంటను పడనట్లు గడచి, రెండవ దశగానో మూడవ దశగానో బయటపడును. లెక్క హెచ్చుటను అప్రమత్తతకు గుర్తుగా గ్రహింపగల అధికారి యున్నచోటనే కొత్త పేరువలన ప్రయోజనము కలుగును.

తెలుగునాట ఇట్టి రోగులలో అధికులు ఇండ్లలోనే యుందురు. పక్షవాతము వచ్చిన తాతను ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చి, అద్దెకు ఎయిర్‌బెడ్ తెచ్చి వేసి, కోడలో కుమార్తెయో పరిచర్య చేయుట ఊరూర కనబడు దృశ్యము. ఎఱ్ఱబారిన చోట స్పిరిటుతో గట్టిగా రుద్దుట, గాలి నింపిన రబ్బరు చక్రముపై కూర్చుండబెట్టుట వంటి పాత అలవాట్లు ఇంకను పోలేదు. రుద్దుటవలన, అప్పటికే నలిగిన సూక్ష్మనాళములు మరింత చెడును. చక్రము తన అంచులయందు కొత్త ఒత్తిడిని కలిగించును. పుండు పడలేదు గదా యని ధైర్యపడు ఇల్లాలికి, పుండు పడకముందే గాయమైనదని చెప్పినచో ఆమె రుద్దు చేతిని ఆపునని నాకు తోచును. దెబ్బతిన్న చోటును రుద్దరాదని ఎవరును ఆమెకు నేర్పనక్కరలేదు.

అయితే పేరుతో తీరని చిక్కొకటి మనవారికి విశేషముగా కలదు. మొదటి దశకు గుర్తు ఎఱుపు; ఆ గుర్తును నిర్ణయించినది ప్రధానముగా తెల్లని చర్మమును చూచిన కన్ను. నల్లని చర్మమున అది వేరుగా కనబడవచ్చునని 2016 నాటి నిర్వచనము ఒక్క వాక్యఖండమున చెప్పి ముగించినది. చామనచాయ, నలుపు రంగులవారే అధికముగానున్న మన వార్డులలో ఆ వాక్యఖండమే ముఖ్యభాగము. ఇట్టి చర్మమున అదిమినపుడు తెల్లబారుట స్పష్టముగా కనబడదు. చుట్టుప్రక్కలకంటె ఆ తావు కొంచెము ఎక్కువ నల్లగనో ఊదాగనో ఉండును, లేదా రంగులో భేదమే తెలియకపోవును. అందుచేత కంటికి తోడు చేయి కావలెను. పగటి వెలుతురున రోగిని ప్రక్కకు త్రిప్పి, అరచేతి వెనుకభాగమును త్రికాస్థిపైనను, తుంటిపైనను, మడమలపైనను ఆనించి, ప్రక్కనున్న చర్మముకంటె అచ్చట వేడిగానున్నదా, చల్లగానున్నదా, గట్టిపడినదా, నీరుపట్టిన పిండివలె మెత్తబడినదా యని చూడవలెను. మాటాడగల రోగిని అచ్చట నొప్పియున్నదేమో అడుగవలెను. భేదమేదైన తోచినచో ఆ చోటుపై మరల బరువు పడనీయక, ఏ దినమున, ఏ వేళ, ఎంత మేర కనబడినదో వ్రాసియుంచి, చర్మము తెగువరకు వేచియుండక ఆ కాగితముతోనే వైద్యునివద్దకు పోవలెను.